పాతాళ విగ్రహమూ, పత్తికొండ టమాటా

పాఠకుల ప్రశ్నలు – ఆర్థికశాస్త్రం జవాబులు

కిందటి సంచికలో రూపాయి విలువ గురించి రాస్తూ మాటవరసకు ఒక జానపద కథను ప్రస్తావించాను. దాని ఫలితంగా ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మాంత్రికులతో, భూతాలతో, నిధినిక్షేపాలతో నిండిపోయాయి. అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్ళు ఆర్థికశాస్త్రం చెప్పిన నాకు ఇది సంతోషం కలిగించే విషయమే. నల్లబల్ల మీద 'కొరత' అని రాసినప్పుడు ఆవులించిన పిల్లలే, ఏ మంత్రానికైనా ఒక హద్దు లేకపోతే కథే నడవదని చెప్పినప్పుడు తలెత్తి చూసేవారు. అందుకే ఈ సంచికలో ఆ ఉత్తరాలకే చోటిస్తున్నాను.

ప్రశ్న: నేను పత్తికొండ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలకు 'పాతాళభైరవి' కథ చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి, "అడిగిందల్లా ఇచ్చే విగ్రహం దొరికినాక తోటరాముడు తనకొక్కడికే మేడ అడగడం ఎందుకు సార్? ఊళ్ళో అందరికీ బంగారం ఇమ్మని అడిగింటే పేదరికమే లేకుండా పోయుండేది గదా" అని అడిగింది. అత్యాశ మంచిది కాదని చెప్పి కూర్చోబెట్టాను గానీ, ఆ జవాబు నాకే నచ్చలేదు. మీరైతే ఏం చెబుతారు?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఆ జవాబు మీకు నచ్చకపోవడం సహజమే. ఆ అమ్మాయి అడిగినది తన కోసం కాదు, ఊరందరి కోసం. దయతో అడిగిన ప్రశ్నకు దురాశను గురించిన నీతిని జవాబుగా చెబితే పిల్లలకు అది అతకదు. ఆమె ఆలోచనలో తప్పు మనసులో లేదు, లెక్కలో ఉంది. ఆ లెక్కనే ఆమె ముందు పెట్టండి.

కథ జరిగే ఉజ్జయినిలో వెయ్యి కుటుంబాలున్నాయనీ, అక్కడ ఏడాదికి పదివేల బస్తాల జొన్నలు పండుతాయనీ, బస్తా ధర ఒక వరహా అనీ అనుకుందాం. ఒక రాత్రి ఆ విగ్రహం ప్రతి ఇంటి అటక మీదా వంద వరహాల మూట పెట్టింది. తెల్లవారి అందరూ అంగడికి వెళ్ళారు. అక్కడ జొన్నలు నిన్న ఉన్నన్నే ఉన్నాయి. రాత్రికి రాత్రి ఒక్క గింజ కూడా ఎక్కువ పండలేదు. నిన్న ఒక వరహాకు బస్తా ఇచ్చిన వర్తకుడు, తన అంగడి ముందు నిలబడ్డ ప్రతివాడి చేతిలోనూ మూట ఉండటం చూసి ఐదు వరహాలంటాడు. వెనక నిలబడ్డవాడు పది ఇస్తానంటాడు. పదిహేను రోజులు తిరిగేసరికి వరహాల లెక్క పెరుగుతుంది, బస్తాల లెక్క మాత్రం అలాగే ఉంటుంది. దీన్నే మనం పాఠ్యపుస్తకాల్లో ద్రవ్యోల్బణం అని చదువుకుంటాం.

మీ పిల్లలకు ఇది అర్థం కావడానికి ఉజ్జయిని దాకా కూడా పోనక్కరలేదు. పత్తికొండ మార్కెట్‌కు టమాటా ఒక్కసారిగా ముంచెత్తినప్పుడు ఏమవుతుందో వాళ్ళు కళ్ళారా చూసినవాళ్ళే. కోత కూలీ, బండి బాడుగ కూడా గిట్టక రైతు గంపలకు గంపలు రోడ్డు పక్కన పారబోసి ఖాళీ చేతులతో ఇంటికి పోతాడు. టమాటాలో రుచి తగ్గిందా, పుష్టి తగ్గిందా? ఏమీ తగ్గలేదు, ఎక్కడ చూసినా అదే ఉంది, అంతే. బంగారం కూడా ఎక్కడ చూసినా అదే అయిననాడు పత్తికొండ టమాటా అవుతుందని చెప్పండి. ఆ అమ్మాయికి వెంటనే అర్థమవుతుంది.

ఇది ఊహ కాదు, నిజంగానే ఒకసారి జరిగింది. ఆఫ్రికాలోని మాలీ రాజ్యాన్ని ఏలిన మాన్సా మూసా 1324లో మక్కా యాత్రకు పోతూ కైరో నగరంలో ఆగి, దానధర్మాలకూ కొనుగోళ్ళకూ లెక్కలేనంత బంగారం ఖర్చు చేశాడు. దానితో ఆ నగరంలో బంగారం ధరే పడిపోయింది. పన్నెండేళ్ళ తర్వాత అక్కడికి వెళ్ళిన అల్ ఉమరీ అనే రచయిత, ఆ ధర అప్పటికీ కోలుకోలేదని రాశాడు. పుచ్చుకున్నవాళ్ళ సంతోషం మాట అటుంచి, అంతకుముందు బంగారమే దాచుకున్నవాళ్ళు ఏమీ చేయకుండానే పేదవాళ్ళయ్యారు. మన కాలంలో జింబాబ్వే ప్రభుత్వం 2009లో ఒకటి పక్కన 14 సున్నాలున్న నోటును అచ్చువేసింది. అది చేతిలో ఉన్నా సామాన్యుడి సంచి నిండలేదు.

మరి తోటరాముడు ఒక్కడు అడిగినప్పుడు ఎందుకు ఫలించింది? అతనొక్కడే కాబట్టి. ఊరంతా పాత ధరలే ఉండగా ఒక్కడి చేతికి కొత్త బంగారం వస్తే వాడు నిజంగానే ధనవంతుడవుతాడు. కదిరి తేరు చూడటానికి జనంలో ఒకడు బండెక్కి నిలబడితే వాడికి స్వామి బాగా కనబడతాడు. అందరూ బండ్లెక్కితే మళ్ళీ ఎవరికీ కనబడడు. పైగా కథలో రాజు పెట్టిన షరతే అలాంటిది: తన కూతురిని చేసుకోవాలంటే తనతో సమానమైన సంపద ఉండాలన్నాడు. అది పోల్చి చూసే సంపద, అందరికీ ఒకేసారి దక్కేది కాదు. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారు 1951లో ఆ చిత్రాన్ని తీసేటప్పుడు ఈ శాస్త్రాన్ని మనసులో పెట్టుకున్నారని నేననను గానీ, కథ పట్టు మాత్రం అక్కడే ఉంది.

ఇక్కడితో ఆపితే పాఠం సగమే అవుతుంది. తెలివైన పిల్లలు తరువాత, "సరే సార్, బంగారం వద్దు, జొన్నలే అడుగుదాం" అంటారు. అప్పుడు మీరు ఒప్పుకోవాలి. జొన్నలు తినేవి, అవి పెరిగితే ఆకలి నిజంగా తగ్గుతుంది. కానీ రెండో ఏడాది సంగతి కూడా అడగండి. ఉచితంగా బస్తా దొరికే ఊళ్ళో జొన్న ఎవరు విత్తుతారు, పండించినా ఎవరు కొంటారు? రైతు గొర్రు మూలన పడేస్తాడు, విత్తనం తినేస్తారు, చెరువు పూడిక తీసేవాడుండడు. ఇంతలో కథలో జరిగినట్టే విగ్రహం మళ్ళీ మాంత్రికుడి చేతికి చేరితే, ఆ ఊరు మొదటికంటే అధ్వాన్నమైన స్థితిలో పడుతుంది. కరువు కాలంలో గింజలు పంచడం ప్రాణాలు నిలుపుతుందనడంలో సందేహం లేదు. ఏళ్ళ తరబడి ఉచిత ధాన్యం వచ్చిపడే చోట స్థానిక రైతు ఏమవుతాడన్న చర్చ మాత్రం ఆర్థికవేత్తల మధ్య ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మరి చెరువు అడిగితే? కాలువ అడిగితే? మంచి విత్తనం అడిగితే? ఆ ప్రశ్నలను పిల్లలకే వదిలిపెట్టి, ఒక్క కోరికే ఉంటే ఏం కోరుతారో, ఎందుకో రాసుకురమ్మనండి. ఒక పీరియడ్ మొత్తం సరిపోతుంది.

మీ పిల్లల్లో హ్యారీ పోటర్ చదివినవాళ్ళుంటే మరో మాట కూడా చెప్పవచ్చు. 1997లో వచ్చిన మొదటి పుస్తకంలోనే లోహాన్ని బంగారంగా మార్చే రాయి ఒకటుంది. ఆ లోకంలో బంగారు నాణేలే చలామణి అవుతున్నా, ఆ రాయి వల్ల వాటి విలువ పడిపోలేదు. ఎందుకంటే రాయి ఒక్కటే, దాని యజమాని గుట్టుగా బతికే ముసలివాడు, చివరికి ఆ రాయిని కూడా నాశనం చేశారు. అదే లోకంలో, ఏమీ లేని చోట నుంచి ఆహారాన్ని సృష్టించడం ఏ మంత్రానికీ సాధ్యం కాదన్న నియమం కూడా ఉంది. రచయిత్రి ఆ నియమం పెట్టకపోయి ఉంటే, అందులో చాలీచాలని జీతంతో ఏడుగురు పిల్లలను పెంచే కుటుంబపు కష్టాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. మన అక్షయపాత్రకు కూడా ద్రౌపది భోజనం చేసేంతవరకే అన్న హద్దు ఉంది. ఆ హద్దు లేకపోతే దుర్వాసుడు వచ్చిన ఘట్టానికి బిగువే లేదు. ఆర్థికశాస్త్రం కూడా అలాంటి హద్దు దగ్గరే మొదలవుతుంది.

ప్రశ్న: మాది గుంతకల్లు. ఏటా తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు వైపు పొలాల్లో వజ్రాలు వెదకడానికి జనం బారులు తీరతారు. మా బావ కూడా పని మానుకుని పది రోజులు అక్కడే ఉంటాడు. అదృష్టం ఉన్నవాడికి దొరుకుతుందనీ, కథల్లో వీరుడు పాతాళానికి దిగకుండానే నిధి వచ్చిందా అనీ వాదిస్తాడు. ఇది మూర్ఖత్వమా, సాహసమా? ఇంకొక సందేహం: ప్రాణం నిలిపే నీళ్ళు చవక, దేనికీ పనికిరాని రాయి లక్షలు ఎందుకు?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగిన రెండో ప్రశ్నను 1776లో ఆడమ్ స్మిత్ అడిగాడు. నీటికంటే ఉపయోగమైనది లేదు, దానితో ఏమీ కొనలేం. వజ్రానికి ఉపయోగం లేదు, దానితో ఎన్నో వస్తాయి, ఇదెట్లా అన్నది అతని ఆశ్చర్యం. పూర్తి జవాబు దొరకడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 1871లో ఆస్ట్రియాలో మెంగర్, ఇంగ్లండులో జెవన్స్, మరి మూడేళ్ళకు వాల్రాస్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఆ ముడి విప్పారు. ఏ దేశంలోనూ ఈ ప్రశ్న మన వజ్రకరూరులో అడిగినంత సూటిగా తగలదని నా అభిప్రాయం. కాళ్ళ కింద వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ శిల ఉండి, బిందెడు నీళ్ళ కోసం వందల అడుగుల బోరు వేయవలసిన నేల ప్రపంచంలో మరెన్ని చోట్ల ఉంటుంది?

వాళ్ళు చెప్పినదాన్ని మన బిందెలతో చెబుతాను. రోజుకు ఒక్క బిందె నీళ్ళే దొరికే ఇంట్లో ఆ బిందె తాగడానికే. రెండోది దొరికితే వంటకు, మూడోది స్నానానికి, నాలుగోది ఎనుములకు, ఐదోది బట్టలకు. పదో బిందె వాకిట్లో కళ్ళాపి చల్లడానికి. పది బిందెలూ దొరికే రోజున వాటిలో ఒకటి పోగొట్టుకుంటే మీరు పోగొట్టుకునేది ప్రాణం కాదు, కళ్ళాపి. కాబట్టి ఆనాడు బిందె విలువ కళ్ళాపి విలువే. కరువు వచ్చి ఒక్క బిందెకు దిగినప్పుడు అదే నీరు, అదే బిందె, ప్రాణం విలువ చేస్తుంది. ఎడారిలో దారితప్పిన రాజు దోసెడు నీళ్ళకు రాజ్యం రాసిస్తానన్న కథ ఎన్నో భాషల్లో ఉండటానికి కారణం ఇదే. రాజుకు మతి చెడలేదు, అతను మొదటి బిందె దగ్గర నిలబడ్డాడు. వజ్రం విషయంలో లోకంలో ఎప్పుడూ మొదటి బిందె దగ్గరే ఉంటాం. అందుకే దానికి ఆ ధర. ధరను నిర్ణయించేది వస్తువు మొత్తం ఉపయోగం కాదు, చేతికి అందే చివరి వంతు ఉపయోగం. దీనికి ఉపాంత ప్రయోజనం అని పేరు.

ఇక మీ బావగారి సంగతి. కథల్లో నిధి కోసం బయలుదేరిన రాకుమారులు ముగ్గురుంటే పెద్దవాళ్ళిద్దరూ శిలలైపోతారు, మూడోవాడు గెలుస్తాడు, కథ మూడోవాడిదే. వాళ్ళకంటే ముందు ఆ గుహలోకి పోయి తిరిగిరానివాళ్ళ గురించి గుహ బయట పడి ఉన్న ఎముకలు తప్ప ఎవరూ చెప్పరు. వజ్రాల పొలాల్లో కూడా రాయి దొరికినవాడి వార్తే పత్రికలో వస్తుంది, ఖాళీగా తిరిగొచ్చిన వేలమంది సంగతి వార్త కాదు. అందువల్ల దొరకడం నిజంగా ఉన్నదానికంటే చాలా సులభమని మనకు అనిపిస్తుంది.

ఊరికే ఒక లెక్క వేద్దాం. రోజుకూలి 500 రూపాయలనుకుంటే పది రోజులకు 5,000 పోయాయి. పని మానుకున్నందువల్ల చేజారిన ఈ సంపాదనే అవకాశ వ్యయం. చేతి నుంచి పైసా ఖర్చు కాలేదు కదా అని దీన్ని మనవాళ్ళు లెక్కలోకి తీసుకోరు. వెయ్యి మందిలో ఒకరికి లక్ష రూపాయల రాయి దొరుకుతుందనుకుంటే ఒక్కొక్కరి వంతుకు వచ్చేది 100 రూపాయలు. ఇవి నేను అనుకున్న అంకెలే, మీ బావగారి అసలు కూలీతో మీరే మళ్ళీ వేసి చూడండి. అయితే మూర్ఖత్వమని తీర్పు చెప్పడానికి నేను సిద్ధంగా లేను. విత్తనాల పని చేతినిండా ఉన్నప్పుడు మానుకుని పోతే నష్టమే. వాన సరిగా పడక ఊళ్ళో పనే లేని రోజుల్లో పోయేవాడి అవకాశ వ్యయం దాదాపు సున్నా. అతనికి ఆ పది రోజులూ వేరే విలువ లేనివే కాబట్టి, సన్నటి ఆశ కూడా లాభమే అవుతుంది. ఆ పొలాల్లో వంగి వెదికేవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండో రకం అయినప్పుడు, వాళ్ళను చూసి నవ్వడం కంటే ఆ రోజుల్లో ఊళ్ళో పని ఎందుకు లేదని అడగడం మేలు.

రాయి దొరికినా కష్టం తీరదన్న సంగతి మీ బావగారికి తప్పక చెప్పండి. పసులకాపరి తనకు దొరికిన మాణిక్యాన్ని గుప్పెడు బొరుగులకు ఇచ్చేసిన కథ మన ముసలివాళ్ళందరికీ తెలుసు. వాడు తెలివి తక్కువవాడు కాదు, ఆ రాయి ఏమిటో వాడికి తెలియదు, కొనేవాడికి తెలుసు. దొరికినవాడు గుట్టుగా, తొందరగా, ఒక్కరికే అమ్ముతున్నంతకాలం బరువు, రంగు, లోపం అన్నీ తెలిసిన వ్యాపారిదే పైచేయి. దీన్ని సమాచార అసమానత అంటారు. జార్జ్ అకర్లాఫ్ 1970లో రాసిన పేరుపొందిన వ్యాసంలో పాతకార్లు అమ్మేవాడికి తెలిసిన లోపాలు కొనేవాడికి తెలియవు. మన దగ్గర అది తిరగబడింది. నలుగురు వ్యాపారుల ముందు ఒకేసారి పెట్టి వేలం పాడిస్తే రాయి మారదు గానీ ధర మారుతుంది. పసులకాపరి బొరుగుల అంగడితోపాటు ఇంకో రెండు అంగళ్ళు తిరిగి ఉంటే చాలు.

ప్రశ్న: నేను కడపలో డిగ్రీ చదువుతున్నాను. ఫాంటసీ నవలల్లో మాంత్రికులకు అన్నీ చేతనవుతాయి. అయినా ఆ లోకాల్లో వంటవాళ్ళు, కూలీలు, తోటమాలులు ఎందుకుంటారు? ఇది రచయితల పొరపాటా? రేపు యంత్రాలకు అన్నీ చేతనైతే మా సంగతి కూడా అంతేనా అన్న భయంతోనే అడుగుతున్నాను.
– ఒక విద్యార్థిని

జవాబు: పొరపాటు కాదమ్మా. 1817లో ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఈ ప్రశ్నకే జవాబు రాశాడు, మాంత్రికుడి స్థానంలో పోర్చుగల్‌ను పెట్టి. అతని ఉదాహరణలో ఒక కొలత ద్రాక్షసారాయి తయారీకి పోర్చుగల్‌లో 80 మంది చాలు, ఇంగ్లండులో 120 మంది కావాలి. బట్టకు అక్కడ 90 మంది, ఇక్కడ 100 మంది. రెండింటిలోనూ పోర్చుగలే మెరుగు. అయినా ఇంగ్లండు నుంచి బట్ట కొనుక్కోవడమే పోర్చుగల్‌కు లాభమని అతను చూపించాడు.

మన చేలోకి వద్దాం. ఒక మాంత్రికుడు రోజుకు పది ఎకరాల శెనక్కాయ చేలో కలుపు తీయగలడు, లేదా ఇరవై తాయెత్తులు కట్టగలడు. కూలికి వచ్చే ఆమె రోజుకు ఒక ఎకరా కలుపు తీస్తుంది, లేదా కిందామీదా పడి ఒక తాయెత్తు కడుతుంది. రెండు పనుల్లోనూ మాంత్రికుడే ఘనుడు. కానీ అతను ఒక ఎకరా కలుపు తీయాలంటే రెండు తాయెత్తులు వదులుకోవాలి, ఆమె వదులుకోవలసింది ఒక్కటే. ఎకరాకు ఒకటిన్నర తాయెత్తు లెక్కన ఆమెను పెట్టుకుంటే అతనికి అర మిగులుతుంది, ఆమెకూ అర మిగులుతుంది. ఎంత పెద్ద మాంత్రికుడికైనా రోజుకు ఇరవై నాలుగు గంటలే ఉన్నంతకాలం అతనికి కలుపు తీసే మనిషి కావలసిందే. తులనాత్మక వ్యయ సిద్ధాంతం సారం ఇంతే.

నీ భయం మాత్రం దీనితో పూర్తిగా తీరదు, తీరిందని చెబితే అబద్ధమవుతుంది. ఈ సిద్ధాంతం నీకు ఏదో ఒక పని మిగులుతుందంటుందే గానీ, ఆ పనికి వచ్చే కూలీతో ఇల్లు గడుస్తుందని ఎక్కడా అనదు. మాంత్రికుడు మంత్రం వేసి వేయి భూతాలను పనిలో పెడితే అతని కాలానికి ఉన్న హద్దు కూడా తొలగిపోతుంది, అప్పుడు నేను వేసిన లెక్క నిలవదు. మన కథల్లో భూతం పని చెప్పకపోతే మింగేస్తానంటుంది; ఇంటి ఇల్లాలు కుక్కతోకను ఇచ్చి వంకర తీయమని కూర్చోబెడుతుంది. చేసేవాడికి హద్దు లేనప్పుడు ఏం చేయించుకోవాలన్నదే కొరత అవుతుందని ఆ ఇల్లాలికి ముందే తెలుసు.

నీవు చెప్పిన నవలల్లో ఇంకొక సంగతి గమనించు. హ్యారీ పోటర్ చదివే పాఠశాలలో బల్లల మీద ప్రత్యక్షమయ్యే విందులు మంత్రంతో పుట్టవు. కింద వంటశాలలో జీతం లేకుండా పనిచేసే చిన్న ప్రాణులు వండి పంపుతాయి. వాటిలో స్వేచ్ఛ పొందిన ఒక ప్రాణి జీతం అడిగినప్పుడు, ప్రధానాచార్యుడు వారానికి పది బంగారు నాణేలూ, వారాంతపు సెలవులూ ఇస్తానంటాడు. అది బెదిరిపోయి, తనే బేరమాడి, వారానికి ఒక్క నాణెం, నెలకు ఒక్కరోజు సెలవు చాలంటుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, తర్వాత రాలేదు. మన పల్లెల్లో తండ్రి చేసిన అప్పుకు పెద్ద రైతుల ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి జీతానికి ఉన్న పిల్లలు కూడా అడగవలసిన దానికంటే తక్కువే అడిగేవారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. కూలీని పని విలువ ఒక్కటే నిర్ణయించదు, కాదని వెళ్ళిపోయే దారి ఉందా లేదా అన్నది కూడా నిర్ణయిస్తుంది. నీవు చదువుకోవడం ఆ దారి వేసుకోవడమే కాబట్టి, యంత్రాలకు భయపడి చదువు ఆపవద్దు.

ప్రశ్న: లంకెబిందెలకు పాము కాపలా, పడమటి కథల్లో బంగారం మీద నిప్పులు కక్కే డ్రాగన్ కాపలా. మా ప్రొద్దుటూరు ఆడవాళ్ళు బీరువాల్లో నగలు దాచుకోవడం కూడా అలాంటి పనికిమాలిన సంపదే అని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నిజమేనా?
– ఒక గృహిణి

జవాబు: మీ అబ్బాయి సగం నిజం చెప్పాడు. 1937లో వచ్చిన 'ది హాబిట్' నవలలో డ్రాగన్ కొండంత బంగారం మీద పడుకుని ఉంటుంది. ఒక్క నాణెం కూడా అంగడికి పోదు, చుట్టుపక్కల ఊళ్ళు బీడుపడతాయి. ధనం ఎంత ఉందన్నది ఒకటి, ఎంత తిరుగుతోందన్నది వేరొకటి. డ్రాగన్ దగ్గర రెండోది సున్నా. కానీ ప్రొద్దుటూరు నగ అలాంటిది కాదు. కరువు సీమలో అది ఇంటి ఇన్సూరెన్సు. తొలకరికి విత్తనం కొనాలన్నా, బోరు మోటారు కాలిపోయినా, ఆసుపత్రి ఖర్చు వచ్చినా తాకట్టుకు పోయేది అదే, పంట వస్తే విడిపించుకునేది అదే. ఏటా ఒకసారి బయటికొచ్చి పని చేసి మళ్ళీ బీరువాలోకి పోయే సంపదను నిద్రపోతున్నదని అనడం, నెలనెలా జీతం ఠంచనుగా వచ్చే మాలాంటి వాళ్ళకే చెల్లుతుంది. తాకట్టుకు కూడా పెట్టనని మొండికేసే నగ ఉంటే, దాని గురించి మీ అబ్బాయి మాట నిజం.

లంకెబిందెల మాట ఎత్తారు కాబట్టి ఒక చేర్పు. పాడుబడ్డ కోటల్లో, గుడుల్లో రాత్రిపూట తవ్వేవాళ్ళు పాముకు భయపడతారే గానీ 1878 నాటి నిధుల చట్టానికి భయపడరు. పది రూపాయల విలువ దాటిన నిధి ఏ నేలలో దొరికినా కలెక్టరుకు తెలపాలని అది చెబుతుంది.

ప్రశ్న: మంచి కథల్లో రాజు 'అర్ధరాజ్యం, రాకుమారి' ఇస్తాడు. అర్ధరాజ్యం అంటే డబ్బు లెక్కలో ఎంత?
– కర్నూలు నుంచి ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి

జవాబు: మంచి ప్రశ్న బాబూ. రాజ్యం విలువ దాని కోటలో ఉండదు, ఏటా వచ్చే శిస్తులో ఉంటుంది. కాబట్టి అర్ధరాజ్యం ఇవ్వడమంటే సగం ఊళ్ళ శిస్తు వసూలు చేసుకునే హక్కును ఇవ్వడం. ఆ ఊళ్ళ రైతులను మాత్రం ఎవరూ అడగరు. ఇది కథల్లోనే కాదు, మన గడ్డ మీదే జరిగింది. సైన్యం ఖర్చుకు బదులుగా నిజాం 1800లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ, కర్నూలు జిల్లాలో చాలా భాగాన్నీ ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలు అన్న పేరు అందువల్లనే వచ్చింది. రాయలసీమ అన్న పేరును 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు సూచించేదాకా ఆ పాతపేరే నడిచింది. కథ పెళ్ళితో ఆగుతుంది గానీ, ఇక్కడ ఆ మరుసటి రోజే కంపెనీ కలెక్టరు థామస్ మన్రో వచ్చి 1807 దాకా పొలం పొలం కొలిపించి, ఏ రైతు ఎంత కట్టాలో రాయించాడు. మీ కర్నూలు పట్టణం మాత్రం ఆ అప్పగింతలో చేరలేదు. కంపెనీకి కప్పం కడుతూ 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది.